చేతుల నుంచి బెల్టు మీదికి: బ్రాయిలర్ లిఫ్టింగ్ యాంత్రీకరణకు ముందు చూసుకోవాల్సినవి

బ్రాయిలర్ కోడి షెడ్డులో ఉండేది ఐదారు వారాలే. అన్నాళ్లూ మేతకు లెక్క, నీళ్లకు లెక్క, టీకాలకు లెక్క, రోజూ చచ్చిన కోళ్లకూ లెక్క. తీరా కోళ్లను పట్టి లారీకి ఎక్కించే లిఫ్టింగ్ రాత్రి వచ్చేసరికి మిగిలే లెక్క కాటా ఒక్కటే. ఎన్నింటికి రెక్క విరిగింది, ఎన్నింటికి తొడ కీలు తప్పింది, లారీ దిగేసరికి ఎన్ని చచ్చి ఉన్నాయి అన్న సంగతి చాలా ఫారాల్లో రైతు దాకా తిరిగి రాదు. ఈ పనిని యంత్రానికి అప్పగించవచ్చా అని ఆలోచించేవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. పోల్చి చూడడానికి పాత లెక్క ఉండదు.

యూరప్‌లో ఆ లెక్క ఉంది. అక్కడ 1980ల నుంచి చేతులతో పట్టడాన్నీ యంత్రంతో పట్టడాన్నీ పక్కపక్కన పెట్టి కొలిచారు. ఆ కొలతలు ఏం చెబుతున్నాయో, అందులో మన షెడ్లకు పనికొచ్చేది ఎంతో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. యంత్రం కోడికి మేలా కీడా అన్న ప్రశ్నకు ఆ అధ్యయనాలు ఒకే మాట చెప్పవు. కానీ వాటన్నిటినీ కలిపి చదివితే యంత్రం కంటే యంత్రం దిగే షెడ్డు, దాన్ని నడిపే బృందం, అవతల కోళ్లను దించుకునే ప్రాసెసింగ్ ప్లాంటే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయని నాకు అర్థమైంది.

చేతులతో పడితే ఏం జరుగుతుంది

పాశ్చాత్య దేశాల్లో వాడుకలో ఉన్న పద్ధతి ఇలా ఉంటుంది. కార్మికుడు నడుం వంచి ఒక్కో కోడిని ఒక కాలు పట్టి లేపి, చేతికి మూడో నాలుగో కోళ్లు తలకిందులుగా వేలాడుతుండగా మాడ్యూల్ దాకా నడిచి సొరుగులోకి వేస్తాడు. మాడ్యూల్ అంటే సొరుగులున్న పెద్ద ఇనుప చట్రం, ఫోర్క్‌లిఫ్టుతో లారీ మీదికి ఎక్కించేది. మనిషి గంటకు 1,000 నుంచి 1,500 కోళ్లు పడతాడని పరిశోధకులు లెక్కగట్టారు. షిఫ్టు పూర్తయ్యేసరికి ఒక్కొక్కరి చేతుల మీదుగా 5 నుంచి 10 టన్నుల బరువు వెళుతుంది, అదీ ఊక దుమ్ములో, అమోనియా ఘాటులో, మసక వెలుతురులో. మొదటి గంటలో ఉన్న పట్టు అయిదో గంటలో ఉండదు.

బ్రిటన్‌లో గ్రెగరీ, ఆస్టిన్ అనే పరిశోధకులు ప్లాంటుకు చచ్చి చేరిన కోళ్లను కోసి చూసి 1992లో ఫలితాలు ప్రచురించారు. అలాంటి కోళ్లలో దాదాపు మూడో వంతుకు గాయాలు కనిపించాయి. వాటిలో ఎక్కువగా కనబడింది తొడ కీలు తప్పడం. ఒక కాలి మీద వేలాడే కోడి రెక్కలు కొట్టుకుంటూ మెలి తిరిగినప్పుడు తొడ ఎముక తల దాని గిన్నెలోంచి జారుతుంది. ఆ చోట రక్తనాళం చిట్లితే రక్తం కడుపులోకి దిగుతుంది. పైకి ఏ గాయమూ కనపడదు.

ఇందులో మనిషి కష్టం కూడా ఉంది. బ్రిటన్‌లో ఫారం నుంచి ఫారానికి వ్యాన్లలో తిప్పుతూ కోళ్లు పట్టించిన లిథువేనియా కార్మికుల కేసులో 2016లో అక్కడి హైకోర్టు కార్మికుల పక్షాన తీర్పిచ్చింది. కోళ్లు పట్టడానికి మనుషులు దొరక్కపోవడానికి కూలి రేటు ఒక్కటే కారణం కాదని ఆ కేసు చదివితే తెలుస్తుంది. యాంత్రీకరణ వాదనలో ఈ పాయ కోడి సంక్షేమం పేరుతో చేసే ప్రచారంలో తరచూ కొట్టుకుపోతుంది.

ఇక్కడే మూడో దారి ఒకటుందని గుర్తుంచుకోవాలి. జంతువులను కాళ్లు పట్టి ఎత్తడాన్ని యూరోపియన్ యూనియన్ రవాణా నిబంధన 1/2005 నిషేధిస్తుంది. కోళ్ల విషయంలో అది ఎంతవరకు అమలవుతోందన్నది వేరే కథ. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక, కోడిని రెండు చేతులతో పొట్ట కింద పట్టుకుని నిటారుగా ఎత్తే పద్ధతి వైపు మొగ్గింది. 2018లో నార్వేలో ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూసినప్పుడు కూడా నిటారు పద్ధతికే మంచి మార్కులు పడ్డాయి. కాబట్టి యంత్రాన్ని పోల్చాల్సింది అలసిన చేతుల మొరటు పట్టుతో మాత్రమే కాదు, జాగ్రత్తగా చేసే చేతిపనితో కూడా.

అధ్యయనాలు ఎటు మొగ్గాయి

డెన్మార్క్ తయారీ చికెన్ క్యాట్, ఇటలీ తయారీ అపోలో ఈ రంగంలో బాగా పేరున్న యంత్రాలు. కొన్ని నమూనాల్లో తిరిగే రోలర్లకు పొడవాటి రబ్బరు వేళ్లుంటాయి, అవి కోళ్లను మెల్లగా బెల్టు మీదికి నెడతాయి. మరికొన్నింటిలో వాలుగా ఉన్న వెడల్పాటి బెల్టు నేలను రాసుకుంటూ వచ్చి కోడి కాళ్ల కిందికి జారుతుంది. నిలబడ్డ కోడి నిలబడ్డట్టే పైకి ప్రయాణించి వెనకనున్న మాడ్యూల్ సొరుగులో దిగుతుంది. నమూనాను బట్టి, బృందాన్ని బట్టి గంటకు ఏడెనిమిది వేల కోళ్ల దాకా ఎక్కించగలవు. యంత్రం తనంతట తాను నడవదు. డ్రైవరు, సొరుగులు చూసేవాళ్లు, ఫోర్క్‌లిఫ్టు నడిపే మనిషి కలిసి ముగ్గురో నలుగురో ఉండాల్సిందే.

తొలి ఆధారం స్కాట్లాండ్ నుంచి వచ్చింది. ఇయన్ డంకన్, ఆయన సహచరులు 1986లో కోళ్ల గుండె వేగాన్ని కొలిచారు. చేత్తో పట్టినా యంత్రం పట్టినా గుండె వేగం పెరిగింది. అయితే యంత్రం పట్టిన కోళ్లలో అది త్వరగా మామూలు స్థితికి వచ్చింది. భయంతో కోడి కదలకుండా బిగుసుకుపోయే సమయం కూడా యంత్రం వైపే తక్కువ. యంత్రాలు అమ్మేవాళ్లకు ఇష్టమైన అధ్యయనం ఇదే.

తర్వాతి దశాబ్దాల్లో బొమ్మ అంత తేలికగా లేదు. స్వీడన్‌లో ఎక్‌స్ట్రాండ్ 1998లో ప్రచురించిన పరిశీలనలో లెక్క యంత్రానికి అనుకూలంగా రాలేదు. జర్మనీలో క్నీరిమ్, గోకే 2003లో చూపిన దాంట్లో యంత్రం పట్టిన కోళ్లకు గాయాలు, ముఖ్యంగా కాళ్ల గాయాలు తక్కువ. కానీ ప్లాంటు చేరేలోపు చచ్చిన కోళ్ల విషయంలో ఆ మేలు కనిపించలేదు. నెదర్లాండ్స్‌లో నైడామ్ బృందం 2005లో పోల్చినప్పుడు కమిలిన గాయాల్లోనూ, ఒత్తిడి హార్మోన్లలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు, చావులు మాత్రం యంత్రం వైపు ఎక్కువ. అదే బృందం అంతకుముందు సంవత్సరం దాదాపు రెండు వేల డచ్, జర్మన్ మందల లెక్కలు తీసింది. వాటిలో ప్లాంటు చేరేలోపు చచ్చినవి సగటున 0.46 శాతం, కమిలిన గాయాలున్నవి 2.2 శాతం. పెద్ద సంఖ్యల్లో చేసిన పని కనుక యూరప్ గురించి మాట్లాడేటప్పుడు నేను ముందుగా చూసే సంఖ్యలివి.

గాయాలు తగ్గినా చావులు తగ్గకపోవడం మొదట వింతగా అనిపిస్తుంది. పరిశోధకులు చూపిన ఒక కారణం నాకు బలంగా తోచింది. చేతులతో పట్టే మనిషి పట్టడంతో పాటు ఏరడం కూడా చేస్తాడు. కుంటి కోడి, కడుపులో నీరు చేరిన కోడి, అప్పటికే చచ్చి ఊకలో పడున్న కోడి చేతికి తగలగానే తెలిసిపోతుంది, పక్కకు విసిరేస్తాడు. బెల్టుకు ఆ తేడా తెలియదు. షెడ్డులో చచ్చి పడున్నదీ లారీలో చచ్చినట్టే ప్లాంటు లెక్కలోకి ఎక్కుతుంది. అలాంటప్పుడు చావుల సంఖ్య యంత్రం కర్కశత్వాన్ని ఎంత చెబుతోందో, లిఫ్టింగుకు ముందు షెడ్డు కలియదిరగని నిర్లక్ష్యాన్ని ఎంత చెబుతోందో విడదీయడం కష్టం. వ్యాధితో, కుంటితనంతో ఉన్న కోడిని బతికుండగా సొరుగులోకి నెట్టడం మాత్రం నిస్సందేహంగా హింసే.

అందుకే సన్నాహాల్లో మొదటిది పైసా యంత్రఖర్చు లేనిది: మేత ఆపేముందు ఒకసారి, యంత్రం దిగే ముందు ఇంకోసారి ఇద్దరు మనుషులు షెడ్డు గోడ నుంచి గోడకు నడిచి చచ్చినవాటినీ ప్రయాణానికి పనికిరానివాటినీ తీసేయడం. చేతులు మాయమైనప్పుడు ఆ చేతులు ఇన్నాళ్లూ ఊరికే చేసిపెట్టిన పరీక్ష కూడా మాయమవుతుంది.

షెడ్డు, నేల, గాలి

మన పాత తెరిపి షెడ్లు 25, 30 అడుగుల వెడల్పులో, తూర్పు పడమరలుగా, పక్కల జాలీ, గోనె పరదాలతో కట్టినవి. చాలాచోట్ల మధ్యలో స్తంభాలుంటాయి. తలుపు ఒక మనిషి, ఒక చక్రాల బండి పట్టేంతే. అలాంటి షెడ్డులో టన్నుల బరువున్న యంత్రం తిరగడం గురించి మాట్లాడడం వృథా. ఈ చర్చ వాతావరణ నియంత్రణ ఉన్న ఈసీ షెడ్లకే వర్తిస్తుంది: ఒక చివర తడి ప్యాడ్లు, ఇంకో చివర పెద్ద ఫ్యాన్లు, మధ్యలో స్తంభాలు లేని వెడల్పాటి నేల.

వాటిలోనూ కట్టేటప్పుడే ఆలోచించాల్సినవి ఉన్నాయి. మేత లైన్లు, నిపుల్ లైన్లు వించితో యంత్రం ఎత్తును దాటి పైకి లేవాలి. ఒక్క చోట వేలాడే తాడు బెల్టులో చిక్కుకుంటే పని ఆగుతుంది. ఊక గడ్డకట్టి తడిగా ఉంటే చక్రాలు దిగబడతాయి, కోళ్ల ఈకలకు మడ్డి అంటుతుంది. షెడ్డు బయట ఫోర్క్‌లిఫ్టు తిరగడానికి కాంక్రీటు గచ్చు కావాలి. వానాకాలం బురదలో నిండు మాడ్యూల్ ఎత్తుకున్న ఫోర్క్‌లిఫ్టు ఒరిగితే దెబ్బ తినేవి కోళ్లే కాదు.

గాలి విషయం మాత్రం కాస్త నిలబడి చూడాలి. ఈసీ షెడ్డు బతికేది మూసిన తలుపుల మీద. ఫ్యాన్లు గాలిని లాగుతుంటే అవతలి చివర ప్యాడ్ల గుండా చల్లగాలి షెడ్డు పొడవునా పరుగెడుతుంది. లిఫ్టింగుకు పెద్ద తలుపు తెరవగానే ఈ ఏర్పాటు చెడుతుంది. ఫ్యాన్ల వైపు తలుపు తెరిస్తే ఫ్యాన్లు ఎదురుగా ఉన్న తలుపులోంచే గాలి లాగేసుకుంటాయి, షెడ్డు మిగతా భాగంలో కదలిక ఉండదు. ప్యాడ్ల వైపు తలుపు తెరిస్తే గాలి తడవకుండా వచ్చినా పొడవునా ప్రయాణిస్తుంది. అంటే యంత్రం ఏ తలుపులోంచి రావాలన్నది దారి సౌకర్యాన్ని బట్టి తేల్చే విషయం కాదు. అది ఇంకా పట్టని కోళ్ల ప్రాణాలకు సంబంధించిన విషయం. యంత్రం వెళ్లేకొద్దీ కోళ్లు అవతలి గోడ వైపు జరిగి ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చచ్చే ప్రమాదం కూడా ఉంది. మధ్యమధ్య అడ్డుతడికలు పెట్టి మందను గదులుగా విడదీయడం, వెలుతురు తగ్గించి నీలి బల్బులు వాడడం దానికి విరుగుడు. డీజిల్ ఇంజను పొగ మూసిన షెడ్డులో ఏమవుతుందో యంత్రం కొనేముందే తయారీదారుణ్ని అడగాలి.

ఆగిపోయిన యంత్రం

కోయడానికి 8 నుంచి 12 గంటల ముందు మేత ఆపుతారు, నీళ్లు పట్టే దాకా ఇస్తారు. పేగులు ఖాళీ అయితే ప్లాంటులో మాంసానికి మలం అంటదు. అయితే ఉపవాసం మరీ సాగితే పేగు గోడ బలహీనపడి కోసేటప్పుడు తేలికగా చిరుగుతుంది. అంటే మేత ఆపిన క్షణం నుంచి గడియారం నడుస్తూనే ఉంటుంది, దాన్ని వెనక్కి తిప్పలేం.

ఇప్పుడు రాత్రి రెండు గంటలకు హైడ్రాలిక్ గొట్టం పగిలిందనుకుందాం. పదిమంది బృందంలో ఒకడికి జ్వరమొస్తే పని నెమ్మదిస్తుంది, యంత్రం పాడైతే పని మొత్తం నిలిచిపోతుంది. సగం షెడ్డు ఖాళీ, మేత లైన్లు పైకప్పు దగ్గర, తలుపు బార్లా, లారీలో నిండిన మాడ్యూళ్లు గాలి లేక నిలబడి ఉంటాయి. యాంత్రీకరణ రెండు మూడేళ్లు సాఫీగా సాగాక చేతిపని బృందాలు వేరే పనుల్లోకి వెళ్లిపోతాయి. ఆ రాత్రి పిలిస్తే రావడానికి ఎవరూ ఉండరు. కాబట్టి విడిభాగాలు ఎక్కడ ఉన్నాయి, మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడు, ఎన్ని నిమిషాలు ఆగితే మేత మళ్లీ దించాలి, నిండిన మాడ్యూళ్లను ఏ ఫ్యాన్ల ముందు పెట్టాలి అన్నవి యంత్రం రాకముందే కాగితం మీద ఉండాలి. ఈ భాగం గురించి యంత్రాల కరపత్రాలు పెద్దగా మాట్లాడవు.

ఎండ లెక్క

వారిస్ బృందం 2005లో బ్రిటన్‌లో రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతకూ రవాణా చావులకూ సంబంధం చూపింది. 17 డిగ్రీలు దాటగానే చావులు పెరగడం మొదలైంది. 20 నుంచి 23 డిగ్రీల మధ్య రెండున్నర రెట్లకు పైగా, 23 దాటితే ఆరున్నర రెట్ల దాకా పెరిగాయి. ఇది చదివి నల్గొండలో 43 డిగ్రీలకు గుణిస్తే తప్పు లెక్క వస్తుంది. బ్రిటన్ లారీల నిర్మాణం వేరు, కోళ్లు అలవాటుపడిన వాతావరణం వేరు. మన దగ్గర లిఫ్టింగ్ రాత్రిపూటే జరుగుతుంది, క్రేట్లు నాలుగు వైపులా తెరిపి. అయినా సూత్రం మారదు. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడమే అది చల్లబడే ముఖ్య మార్గం, అదీ చుట్టూ గాలి పొడిగా ఉంటేనే. మాల్కం మిచెల్, పీటర్ కెటిల్‌వెల్ రవాణా పరిశోధనల్లో ఉష్ణోగ్రతనూ తేమనూ కలిపి ఒకే సూచికగా చూడడానికి కారణం ఇదే. కోస్తాలో జూన్ రాత్రి 30 డిగ్రీలుండి గాలిలో తేమ నిండి ఉంటే, తెలంగాణ మే రాత్రి కంటే అది కోడికి కష్టం కావచ్చు. యంత్రం త్వరగా నింపిన మాడ్యూల్ లారీ కదలకుండా నిలబడితే ఆ వేగం కోడికి శాపమే.

ఇక్కడి లారీ, ఇక్కడి కాటా

తెలుగు రాష్ట్రాల్లో అసలు ఇరుకు వేరే చోట ఉంది. మన బ్రాయిలర్లలో అధికభాగం బతికున్న కోళ్లుగానే చికెన్ షాపులకు చేరుతుంది. ట్రేడర్ల వాహనాలు విడివిడిగా వస్తాయి. ఒక్కొక్కరు కావలసిన బరువు కోళ్లను కావలసినన్ని ఎత్తుకుంటారు, ఒక షెడ్డు ఖాళీ కావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఒక వాహనానికి 1,500 కోళ్లనుకుంటే, గంటకు 7,000 ఎక్కించే యంత్రానికి గంటలో నాలుగైదు వాహనాలు వరుసలో ఉండాలి. లేకపోతే యంత్రం ఎక్కువసేపు ఖాళీగా ఉంటుంది.

కాటా సంగతి ఇంకా సున్నితం. క్రేట్లలో కోళ్లు నింపి, కాటా మీద పెట్టి, కంపెనీ సూపర్‌వైజరు, ట్రేడర్ మనిషి, రైతు ముగ్గురూ అంకె చూసి రాసుకుంటారు. కంపెనీ కోళ్లను పెంచినందుకు రైతుకు వచ్చే గ్రోయింగ్ చార్జీలు ఆ అంకె మీదే ఆధారపడతాయి. యంత్రం బెల్టు మీదే కోళ్లను లెక్కించి తూచగలదు. కానీ ఆ తూకాన్ని ముగ్గురూ నమ్మాలి. నమ్మేందుకు వీలుగా కొన్నాళ్లు పాత కాటా, బెల్టు కాటా రెండూ నడిపి తేడా చూసుకోవడం తప్పనిసరి. ఈ ఒక్క కారణంతోనే ఇక్కడ యంత్రానికి సరిపోయేది సొంత ప్రాసెసింగ్ ప్లాంటున్న కంపెనీ, దాని చుట్టుపక్కల ఈసీ షెడ్లు మాత్రమేనని నా అంచనా. ప్లాంటు ఏ కొలత మాడ్యూళ్లు దించుకోగలదో తేలకముందే యంత్రం కొనడం, పట్టాల వెడల్పు చూడకుండా రైలు కొన్నట్టే.

ఒకే యంత్రం పది ఫారాలు తిరగడంలో జబ్బుల భయం కూడా ఉంది. షెడ్డును విడతలుగా ఖాళీ చేసేటప్పుడు బృందాలు, పరికరాలతో క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా లోపలికి వస్తుందని యూరప్ అధ్యయనాలు చెబుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. రబ్బరు వేళ్ల మధ్య, బెల్టు కింద ఇరుక్కున్న రెట్ట నీళ్లు చల్లితే పోదు. విప్పి కడిగి, మందు కొట్టి, ఆరబెట్టే సమయాన్ని యంత్రం పనిగంటల్లోంచి ముందే తీసేయాలి.

ఇప్పటి నుంచే రాయగలిగిన లెక్కలు

ఎక్కువ సాంద్రతలో పెంచిన మందల విషయంలో ప్లాంటు చేరేలోపు చచ్చినవాటి సంఖ్యను ప్లాంటులో నమోదు చేయాలని యూరప్‌లో 2007/43 ఆదేశం చెబుతుంది. మన దగ్గర 1978 నాటి జంతు రవాణా నిబంధనల్లో 2001లో కోళ్ల భాగాన్ని చేర్చారు. అందులో పెట్టెలు, నీళ్లు, ఎండవానల నుంచి రక్షణ గురించి ఉంది. లిఫ్టింగ్ నష్టాన్ని రైతుకు తిరిగి తెలియజేసే ఏర్పాటు మాత్రం కంపెనీలే చేసుకోవాలి.

ప్లాంటున్న కంపెనీకి అది కష్టమేమీ కాదు. ఈకలు తీసిన కోడి మీద కమిలిన మచ్చ రంగు చూస్తే దెబ్బ ఎప్పుడు తగిలిందో చాలావరకు తెలుస్తుంది. ఎర్రగా ఉంటే దెబ్బ తాజాది. ముదురు ఊదా రంగుకు తిరిగితే కొన్ని గంటలది. పచ్చదనం వచ్చిందంటే ఒక రోజు, అంతకు మించిన పాతది. పచ్చ మచ్చకు లిఫ్టింగ్ బృందాన్ని తిట్టి లాభం లేదు. అది షెడ్డులో రద్దీ వల్లో, మేత గిన్నెల దగ్గర తోపులాట వల్లో వచ్చింది. ప్రతి లారీ నుంచి కొన్ని కోళ్లను తీసి, రొమ్ము, రెక్క, తొడల మీద మచ్చలను రంగు వారీగా రాసి, పక్కన షెడ్డు పేరు, బృందం పేరు, లిఫ్టింగ్ మొదలైన, ముగిసిన సమయాలు, ఉష్ణోగ్రత, తేమ వేసుకుంటే చాలు. వేసవి, వాన, చలికాలం మూడూ దాటేలా ఒక ఏడాది రాస్తే పోల్చడానికి పునాది దొరుకుతుంది. రెండో ఏడాది కొన్ని షెడ్లలో నిటారుగా పట్టే శిక్షణ, కొన్నింటిలో అద్దె యంత్రం, మిగతావాటిలో పాత పద్ధతి నడిపి అవే కాలమ్‌లు నింపాలి. యంత్రం నడిపేవాళ్లకు చెయ్యి తిరగడానికి పట్టే మొదటి వారాల అంకెలను విడిగా ఉంచాలి. లేకపోతే నేర్చుకునే తప్పులన్నీ యంత్రం ఖాతాలో పడతాయి.

ఒప్పంద రైతుల మాట కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. తలుపు వెడల్పు చేయించేది, గచ్చు పోయించేది, వించులు మార్పించేది రైతు అయితే ఆ ఖర్చుకు ఎన్ని బ్యాచ్‌ల హామీ ఉంటుంది? యంత్రం ఆగి కోళ్లు ఉపవాసంతో బరువు తగ్గినా, ఊపిరాడక చచ్చినా ఆ కిలోలు ఎవరి లెక్కలోంచి పోతాయి? ఈ రెండింటికీ గ్రోయింగ్ ఒప్పందంలో అంకెలతో సహా జవాబు రాసుకున్న తర్వాతే గోడ పగలగొట్టడానికి మేస్త్రీని పిలవాలి.